పద్నాలుగో అంతస్తులో అక్రిలిక్ చేపల తొట్టి

అక్రిలిక్ పని నేర్చుకుంటామని వచ్చేవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ మిషను కొనాలని. గోరు అంటాను నేను. వాళ్లు నా మొహం వంక, తర్వాత నా చేతి వంక చూసి, పెద్దాయనకు వయసు మీద పడిందనుకుంటారు. పడిన మాట నిజమే. అరవై ఆరు నిండాయి. షాపు తాళం ఓనరుకిచ్చేసి రెండేళ్లయింది. అయినా చెబుతున్నాను, అక్రిలిక్ ముక్క అంచు మీద గోరు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి లాగితే ఎక్కడా తట్టుకోకూడదు. తట్టుకుంటే ఆ అంచు అతుక్కోదు. అతుక్కున్నట్టు నటిస్తుంది. నీళ్లు పోశాక నటన మానేస్తుంది.

నా పేరు యాదగిరి. లింగంపల్లి స్టేషను దగ్గర ముప్పై ఏళ్లకు పైగా ఈ పని చేశాను. మొదట సైన్ బోర్డులు, తర్వాత కంపెనీల లాబీల్లో చేపల తొట్లు, చివరి ఏడెనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్ వాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్ల చేతనే తొట్లు కట్టించడం. నాకు జరిగిన సన్మానాల గురించి రాయను. రెండు శాలువాలు వచ్చాయి, ఒకదానిలో మా ఆవిడ ఇస్త్రీ బట్టలు మూట కడుతోంది. నేను చెడగొట్టిన పని గురించి రాస్తాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు పనికొచ్చేది అదే.

ఉస్తాద్ నేర్పిన రెండు సంగతులు

నాంపల్లిలో ఒక సైన్ బోర్డుల షాపులో నేను పని నేర్చుకున్నాను. యజమానిని అందరూ ఉస్తాద్ అనేవారు. ఆయన ఎప్పుడూ తిట్టలేదు, ఎప్పుడూ మెచ్చుకోలేదు. నేను నున్నగా గీకి తెచ్చిన ముక్క అంచు మీద బొటనవేలి గోరు లాగి, ముక్క తిరిగి నా చేతిలో పెట్టి, "ఔర్ ఏక్ బార్", ఇంకోసారి, అనేవాడు. ఒక డాక్టరుగారి బోర్డులో ఒక్క అక్షరానికి ఒకే రోజు పదకొండుసార్లు అలా అన్నాడు. పన్నెండోసారి ఏమీ అనలేదు. ఆయన మెప్పంటే అంతే.

రెండో సంగతి, గిరాకీ ముందు, అంటే పని చేయించుకునేవాళ్ల ముందు, తప్పు ఒప్పుకోకూడదని. "దుకాణంలకొచ్చినంక నా ముందర ఒప్పుకో. గిరాకీ ముందర మాత్రం నీకు తెల్వనిది ఏం లేదు" అనేవాడు. బోర్డు వంకరగా వస్తే గోడ వంకర అనేవాడు. గోడ తిన్నగా ఉందని ఎవరైనా దారం పట్టి చూపిస్తే, రోడ్డు వంకర అనేవాడు. మొదటి సంగతి నేర్చుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. రెండోది నాలుగు రోజుల్లో వచ్చేసింది.

లాబీ చేపలు

హైటెక్ సిటీ చుట్టుపక్కల అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో ప్రతి కంపెనీకీ లాబీలో ఒక చేపల తొట్టి కావాల్సి వచ్చింది. గాజు బరువు, పగిలితే ప్రమాదం, అందుకని అక్రిలిక్. నాకు చేతినిండా పని. ఒక కంపెనీలో తొట్టి కొలతలు తేల్చడానికి మూడు కమిటీలు కూర్చున్నాయి. ఒక కమిటీ కొలతల్లో నీళ్లు పట్టలేదు, ఇంకో కమిటీ కొలతల్లో చేపలు పట్టలేదు. మూడో కమిటీ కంపెనీ రంగు నీలం కాబట్టి చేపలు కూడా నీలంగానే ఉండాలంది.

అక్కడి భవనం మేనేజరు ఒక కుర్రాయన. విదేశీ కస్టమర్లు వచ్చే రోజు చేపలన్నీ గుమ్మం వైపు చూస్తూ ఉండేలా ఏర్పాటు చేయగలరా అని నన్ను చాలా మర్యాదగా అడిగాడు. చేపలతో మాట్లాడి చూస్తానన్నాను. ఆయన డైరీలో రాసుకున్నాడు. ఆ రోజు చేపలన్నీ వీపులు చూపించాయి, సాయంత్రానికి నాకు మెయిలొచ్చింది. ఆ వారంలోనే ఆ కంపెనీ మూడో అంతస్తు సగం ఖాళీ చేయించింది. మెడలో కార్డులు తీసి ఇచ్చేసిన పిల్లలు అట్టపెట్టెలు పట్టుకుని నా తొట్టి ముందు నుంచే బయటికి నడిచారు. చేపలకు మేత వేయడానికి మాత్రం కొత్తగా ఒక మనిషిని తీసుకున్నారు. నాకా రోజు కోపం వచ్చింది. కానీ బిల్లు రావాల్సి ఉంది కాబట్టి నోరెత్తలేదు.

మన చేతులతో మనమే

తర్వాత కాలం మారింది. కంపెనీల్లో తొట్లు తీసేసి ఆ స్థానంలో మొక్కలు పెట్టారు, తర్వాత మొక్కలు తీసేసి మొక్కల బొమ్మలు పెట్టారు. ఆ కంపెనీల్లో పనిచేసే వాళ్లకు మాత్రం ఇంట్లో సొంత చేతులతో ఏదో ఒకటి కట్టాలనే కోరిక పట్టుకుంది. రోజంతా కంటికి కనపడని వస్తువులు తయారుచేసేవాళ్లకు చేతికి తగిలేది ఒకటి కావాలనిపిస్తుంది. ఆ కోరికను నేను వెక్కిరించను. వాళ్లు దాన్ని తీర్చుకునే పద్ధతిని మాత్రం వెక్కిరిస్తాను.

కిరణ్ అలాగే పరిచయమయ్యాడు. నానక్‌రామ్‌గూడలో పద్నాలుగో అంతస్తు ఫ్లాటు. వాళ్లది కోస్తా వైపు. మంచివాడు, మాట మెత్తన. భార్యది కూడా అదే రకం ఉద్యోగం. ఆమె ఎప్పుడూ చెవులకు హెడ్‌ఫోన్లతో లోపలి గదిలోనే ఉండేది, నేను గొంతు వినడమే తప్ప మొహం రెండుసార్లే చూశాను. ఇల్లు నడిపేది కిరణ్ అత్తగారు రాజ్యలక్ష్మిగారు. ఆ ఇంటిని శుభ్రంగా ఉంచేది సులోచన. వికారాబాద్ వైపు నుంచి వచ్చిన మనిషి, నలభై ఏళ్లుంటాయి. ఆ టవర్లోనే ఐదు ఇళ్లలో పని చేసేది.

నేను వెళ్లేసరికి ఫ్రిజ్ తలుపు మీద పసుపు కాగితాలు మూడు వరుసల్లో అంటించి ఉన్నాయి. చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. 'షీటు కొనడం' మొదటి వరుసలో ఉంది. 'కరివేపాకు' అని రాజ్యలక్ష్మిగారి చేతిరాతతో ఉన్న కాగితం మూడు వారాలు 'చేస్తున్నవి' వరుసలోనే ఉండిపోయింది.

"వీడియోలో ఆయన రెండు గంటల్లో కట్టేశాడండి" అన్నాడు కిరణ్.

"వీడియోల నీళ్లు పోసేది ఆయనే, తీసేది ఆయనే బాబూ. మనింట్ల నీళ్లు ఉండనీకి పోస్తం" అన్నాను.

మూడడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు, అడుగున్నర వెడల్పు. నిండితే రెండు వందల లీటర్లకు కాస్త తక్కువ. అంటే ముగ్గురు మనుషుల బరువు ఆ మూల నిలబడి ఎప్పటికీ కదలదన్నమాట. అందుకే పన్నెండు మిల్లీమీటర్ల మందం షీటు చెప్పాను. ఆరు చాలదా అన్నాడు, తేలిగ్గా కనిపిస్తుందట. గోడ ఉబ్బి కడుపుతో ఉన్నట్టు అవుతుందన్నాను. పై అంచు చుట్టూ లోపలికి నాలుగు వేళ్ల వెడల్పున పట్టీ వేయాలన్నాను, అది గోడలను విచ్చుకోకుండా పట్టుకుంటుంది. పట్టీ లేకపోతే చూడ్డానికి శుభ్రంగా ఉంటుందన్నాడు. శుభ్రంగానే ఉంటుంది, నీళ్లన్నీ నేల మీదికి పోయాక ఇంకా శుభ్రంగా ఉంటుందన్నాను. పట్టీకి ఒప్పుకున్నాడు.

లేజరుతో కోయిస్తే అంచు అద్దంలా మెరుస్తుందని రెండు రోజులు వాదించాడు. ఇది ఈ పనిలోకి వచ్చే ప్రతివాళ్లూ రాసుకోవాల్సిన మాట: మెరిసే అంచును నమ్మకండి. వేడి తగిలిన అంచు లోపల బిగుసుకుని ఉంటుంది, అతికించే మందు తగలగానే సన్నగా చిట్లుతుంది. మామూలు రంపంతో కోసి, బ్లేడు వెన్నుతో గీకి, గోరుతో చూసుకోవడమే. కిరణ్ ఒక శనివారమంతా బాల్కనీలో కూర్చుని గీకాడు. నేను గోరు లాగి ముక్కలు వెనక్కిచ్చాను. సాయంత్రానికి అతని మొహంలో నేను అంతవరకు చూడని వెలుగు కనిపించింది. ఆ రోజు ఫోను లోపల మరిచిపోయి వచ్చాడని తర్వాత తెలిసింది.

అతికించే రోజు తిప్పలు వేరు. అడుగు పలక మీద సన్నటి తీగముక్కలు పరిచి, వాటి మీద గోడ పలకను నిలబెట్టి, ఆ సందులో సిరంజితో మందు వదలాలి. మందు నీళ్లకంటే పలచన, సందు వెంట తనంతట తానే పాకుతుంది. అర నిమిషం ఆగి తీగలు లాగేస్తే పలక తన బరువుకు తాను కూర్చుంటుంది. ఆ అర నిమిషం ఇంకేమీ చేయకూడదు. సరిగ్గా అప్పుడే కిరణ్ ఫోను మోగింది. అతను ఒక చేత్తో పలక పట్టుకుని, రెండో చేత్తో ఫోను పట్టుకుని, "యా, యా, ఇవాళ పూర్తయిపోతుంది" అని ఎవరికో మాటిచ్చాడు. తీగలు లోపలే ఉండిపోయాయి. అతుకులో బుడగలు వరుసగా నిలిచాయి.

"చిన్నవే కదండీ. తర్వాత ఎప్పుడైనా సరిచేద్దాం" అన్నాడు.

"నీళ్లకు తర్వాత అనేది తెల్వది బాబూ" అని, అతుకు కోయించి మళ్లీ మొదటి నుంచి గీకించాను.

ఇంకోటి. కిటికీలన్నీ మూసి, ఏసీ వేసి ఈ పని చేయడానికి సిద్ధమయ్యాడు, బయట దుమ్మని. ఆ మందు వాసన పీలిస్తే తల దిమ్మెక్కుతుంది, ఎక్కువైతే దవాఖానకు పోవాలి. కిటికీలు తెరిపించాను. రాజ్యలక్ష్మిగారు ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, "చేపలు బజార్లో దొరకట్లేదా నాయనా?" అని అడిగారు.

ఐదు బొట్లు

తొట్టి కట్టడం అయ్యాక ఏడు రోజులు నీళ్లు నింపి ఊరకే ఉంచాలి. కిరణ్ మూడు రోజులు చాలన్నాడు. రాజ్యలక్ష్మిగారి సిద్ధాంతిగారు ముహూర్తం పదో రోజుకు పెట్టడంతో నేను గెలిచాను. బాల్కనీలో ఏడు రోజులు ఉంచాం, కింద పరిచిన కాగితం తడవలేదు. తొట్టి ఖాళీ చేసి హాల్లో ఈశాన్యం మూలకు మార్చాం. అక్కడ వైఫై పెట్టె ఉంది. ఏది కదలాలనే విషయం మీద ఆ ఇంట్లో ఒక పూటంతా చర్చ జరిగింది. చివరికి వైఫై ఆగ్నేయానికి వెళ్లింది, లోపలి గదిలోంచి మొదటిసారి భార్య బయటికొచ్చి నెట్ ఏమైందని అడిగింది.

ముహూర్తానికి నీళ్లు నింపి, తొమ్మిది చేపలు వదిలారు. ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది. ఇంటి దిష్టంతా ఆ నల్లది తీసుకుంటుందట. రాజ్యలక్ష్మిగారు తొట్టి ముందు పలకకు నాలుగు మూలలా, నడుమ ఒకటి, ఐదు బొట్లు పెట్టారు. పసుపు తడిపి పెట్టి, దాని మీద కుంకుమ. హారతిచ్చారు. నాకు ప్రసాదం పెట్టారు.

ఆ సాయంత్రం టవర్ వాళ్ల గ్రూపులో కిరణ్ తన తొట్టి వీడియో పెట్టాలి. 'మన చేతులతో మనమే' అని పేరు కూడా పెట్టుకున్నాడు. బొట్లు లేకుండా ఉంటే బాగుంటుందండీ అని నెమ్మదిగా నా చెవిలో అన్నాడు. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీశాక తడిబట్టతో తుడిచాడు. ఎర్రటి మరకలు మిగిలాయి.

ఇక్కడ నిదానంగా చదవండి. నా పనిలో నేను చేసిన అతి పెద్ద తప్పుకు పట్టిన సమయం రెండు నిమిషాలు. పూజగదిలో వత్తుల కోసం పెట్టిన దూది చిటికెడు తీసుకున్నాను. చెప్పుల స్టాండు మీదున్న శానిటైజర్ సీసా వంచి తడిపాను. ఐదు మరకలూ తుడిచేశాను. కిరణ్ ఫోను తెరలోకే చూస్తూ వీడియో తీస్తున్నాడు, సీసా వంక చూడలేదు. అద్దంలా వచ్చింది. "మీ చేతిలో ఏదో ఉందండీ అంకుల్" అన్నాడు కిరణ్. నేను పొంగిపోయాను.

స్పిరిట్, శానిటైజర్, థిన్నర్, అద్దాలు తుడిచే మందు, ఇవేవీ అక్రిలిక్‌కు తగలనివ్వకూడదు. నీళ్ల బరువు మోస్తున్న అక్రిలిక్‌కు అసలే వద్దు, అతుకు పక్కన బొత్తిగా వద్దు. తగిలిన రోజు ఏమీ కనపడదు, కొన్నాళ్లకు లోపల సన్నటి పగుళ్లు పుడతాయి. ఈ మాట నేను కొన్ని వందలమందికి చెప్పాను. కిరణ్‌కూ మొదటి రోజే చెప్పాను, అతను పసుపు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాడు. ఆ కాగితానికి నాలుగడుగుల దూరంలో నిలబడి, కింది ఎడమ మూల బొట్టును అతుకు మీదుగా తుడిచింది నేనే. చేతికి ఎంత అలవాటు ఉందో బుద్ధికి అంత బద్ధకం ఉంది. ఇంటికి వెళ్లేసరికి ఆ సంగతే మరిచిపోయాను.

నిపుణుడి అభిప్రాయం

పంతొమ్మిది రోజుల తర్వాత, పగలు పదకొండు గంటలకు, కింది ఎడమ మూల అతుకు విచ్చింది. ఆ రోజు భార్యాభర్తలిద్దరూ ఆఫీసుకు వెళ్లారు. రాజ్యలక్ష్మిగారు గుడికెళ్లారు. ఇంట్లో సులోచన ఒక్కతే ఇల్లు తుడుస్తోంది. ముందు ఫిల్టరు కరెంటు ప్లగ్గు పీకింది. కిరణ్‌కు నాలుగుసార్లు ఫోన్ చేసింది, అతను మీటింగులో ఉండి ఎత్తలేదు. ఎనిమిది చేపలను బకెట్లోకి, నల్లదాన్ని కుక్కర్లోకి చేర్చింది. దుప్పట్లన్నీ తెచ్చి గుమ్మం దగ్గర అడ్డం వేసింది. అయినా నీళ్లు కిందికి దిగాయి. కింది ఫ్లాటు అసోసియేషన్ అధ్యక్షుడిది. ఆయన హాలు పైకప్పుకు కొత్తగా చేయించిన అలంకారం తడిసి ఒక ముక్క ఊడి ఆయన సోఫా మీద కూర్చుంది.

సాయంత్రం నన్ను పిలిపించారు. అందరూ హాల్లో ఉన్నారు. నేను మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసి చూశాను. అతుకు పక్కన సన్నటి వెండి గీతలు, తల వెంట్రుకలు రాలి పడ్డట్టు. నాకు చప్పున అర్థమైంది. ఇది నా అతుకు తప్పు కాదన్న సంతోషంలో గొంతు పెద్దదైంది.

"అతుకు మంచిగనే ఉంది. ఎవరో స్పిరిటో శానిటైజరో పెట్టి తుడిచిన్రు. గిది గ్యారంటీ" అన్నాను.

కిరణ్, అధ్యక్షుడు ఇద్దరూ ఒకేసారి వంటింటి వైపు తిరిగారు. ఆ ఇంట్లో తుడిచే మనిషి ఎవరంటే చిన్నపిల్లాడైనా చెబుతాడు.

"నేను తడిబట్టతోనే తుడుస్త సార్" అంది సులోచన. కిరణ్‌తో అంది కానీ నా వైపు చూస్తూ అంది. నేను గీతలు చూసుకుంటున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో ఎక్కాను. ఎదురు సీట్లో నుదుట పెద్ద కుంకుమ బొట్టుతో ఒకావిడ కూర్చుంది. ఆ బొట్టు వంక ఊరకే చూస్తున్నాను. గచ్చిబౌలి దాటుతుండగా నా వేళ్ల మధ్య దూది తగిలినట్టయింది.

వెంటనే ఫోన్ చేయాల్సింది. చేయలేదు. పొద్దున చేద్దామనుకున్నాను. పొద్దున కిరణే చేశాడు. "ఆవిణ్ణి తీసేశామండి. గేటు యాప్‌లో కూడా బ్లాక్ చేయించారు ప్రెసిడెంటుగారు. ఇంక టవర్లో ఎవరింటికీ రావడానికి కుదరదు. మీకు శ్రమ ఇచ్చాం, ఏమీ అనుకోకండి" అన్నాడు. అయ్యో పాపం అన్నాను నేను. అవును, ఆ మాటే అన్నాను.

ఐదు ఇళ్ల పని ఒక్క వేలి నొక్కుతో పోయింది. ఆమె తిండి నా నోట్లో ఉన్న ఒక్క మాట మీద ఆధారపడి ఉందని నాకు తెలుసు. పది రోజులు ఆ మాట బయటికి రాలేదు. ఆ టవర్లో ఇంకా ముగ్గురు నాతో తొట్లు కట్టించుకుంటామన్నారు, అది ఒక కారణం. ఉస్తాద్ పాఠం ఇంకో కారణం. అసలు కారణం, ముప్పై ఏళ్లు ఇతరుల అంచుల మీద గోరు లాగిన మనిషికి తన అంచు చూపించడం చేతకాలేదు.

చేప ముల్లు

పదో రోజు శనివారం. జరిగినదాని మీద మూలకారణం తేల్చే సమావేశం పెట్టానని, నిపుణుడిగా నన్ను రమ్మని కిరణ్ పిలిచాడు. ఆఫీసులో ఏది చెడినా ఇలాగే చేస్తారట. గేటు దగ్గర సులోచన నిలబడి ఉంది.

"అన్నా, జర మీదికి పోనియ్యి. అమ్మతోని ఒక్క మాట మాట్లాడి వస్త" అంటోంది కాపలా మనిషితో.

"అక్కా, నా చేతుల ఏమున్నది? నీ ఫోటో ఎర్రగ చూపిస్తుంది. ఎర్రగున్నోళ్లను పంపితె నా నౌకరి పోతది" అన్నాడు అతను. నన్ను చూసి సెల్యూట్ చేసి గేటు తీశాడు.

సులోచన నాకు నమస్తే పెట్టింది. నేను లోపలికి వెళ్లిపోయాను. లిఫ్టులో అద్దం ఉంటుంది. పద్నాలుగు అంతస్తులూ నేలకేసి చూస్తూ వెళ్లాను.

టీవీ మీద చేప ముల్లు లాంటి బొమ్మ వేసి ఉంది. కారణాలు వెతకడానికి అలా గీస్తారట. ఒక ముల్లు మీద 'సామగ్రి', ఒకదాని మీద 'పద్ధతి', ఒకదాని మీద 'మనుషులు'. సామగ్రి బాగుంది, పద్ధతి బాగుంది. మనుషులు అన్న ముల్లుకు ఒకే ఒక్క పేరు వేలాడుతోంది. కింద నా పేరు, 'నిపుణుడు, ముప్పై ఏళ్ల అనుభవం' అని రాసి, ఆ రోజు నేనన్న మాట. బకెట్లో చేపలు ఒక పక్కన తిరుగుతున్నాయి. కుక్కరు ఇంకా హాల్లోనే ఉంది, దానిలో ఇక వండనని రాజ్యలక్ష్మిగారు ఒట్టేసుకున్నారు.

"మీరు సరేనంటే ముగించేద్దామండి" అన్నాడు కిరణ్.

"తుడిచింది నేను" అన్నాను.

"ఏంటండీ?"

"మీరు బొట్లు లేకుంట వీడియో గావాలన్నరు. మీ పూజగదిల దూది తీసి, చెప్పుల స్టాండు మీది శానిటైజర్‌తోని ఐదు బొట్లు నేనే తుడిచిన. ఆమెకేం సంబంధం లేదు."

కిరణ్, అధ్యక్షుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు. అధ్యక్షుడు జాలిగా నవ్వారు.

"యాదగిరిగారూ, మీది పెద్ద మనసు. ఆమె మీద జాలితో మీ మీద వేసుకుంటున్నారు. మీలాంటి నిపుణులు అలా ఎందుకు చేస్తారు?"

ముప్పై ఏళ్లలో మొదటిసారి గిరాకీ ముందు తప్పు ఒప్పుకుంటే, గిరాకీ ఒప్పుకోలేదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కిరణ్‌ను ఫోను తీయమన్నాను. 'మన చేతులతో మనమే' పెట్టమన్నాను. టీవీ మీద తొట్టి కనిపించింది, వేగంగా కదిలే బొమ్మల్లో గీకడం, అతికించడం, నీళ్లు, హారతి. చివర్లో ఒక ముసలి చేయి దూదితో పలక మూల తుడుస్తోంది. పక్కనే సీసా. ఆ వీడియోకు టవరంతా బొటనవేళ్లు పెట్టింది. అధ్యక్షుడు కూడా పెట్టారు.

"అయితే ఈ పేజీ మొత్తం మార్చాలండీ" అన్నాడు కిరణ్, టీవీ వైపు చూస్తూ.

"పేజీ సంగతి తర్వాత చూద్దువు. ముందు ఆ అమ్మాయి ఎర్ర రంగు తీయించు" అన్నారు రాజ్యలక్ష్మిగారు. ఆ ఇంట్లో నేను విన్న మొదటి పనికొచ్చే మాట అది. అధ్యక్షుడు ఫోను తీసి రెండుసార్లు నొక్కారు. అయిపోయింది.

నేను కిందికి దిగాను. సులోచన గేటు పక్కన కాలిబాట గట్టు మీద కూర్చుని ఉంది. ఎదురుగా నిలబడటానికి మొహం చెల్లక నేనూ పక్కనే కూర్చున్నాను.

"మీద చెప్పొచ్చినమ్మా, నేనే తుడిచిన అని. నిన్ను ఉత్తగ పరేషాన్ చేసినం" అన్నాను.

"నాకెర్కే సార్. గా రోజు నేను వంటింట్ల గిన్నెలు కడుగుతున్న. మీరు తుడుస్తుంటె చూసిన."

"మరి చెప్పకపోతివి?"

"చెప్పిన సార్. నీళ్లు కారిన రోజు మీరు పోయినంక చెప్పిన. దొంగమాటలు చెప్తున్నవన్నరు. గంత పెద్ద పనిమంతుని మీదికి నెడుతవా అన్నరు." ఆమె లేచి చీర దులుపుకుంది. "తుడిచినందుకైతే కిరణ్ సార్ రెండు మాటలని ఊకుంటుండె. నన్ను బంద్ చేసింది మీ పేరు చెప్పినందుకు."

కాపలా మనిషి గేటు తీసి, "రా అక్కా, ఆకుపచ్చగైంది" అని పిలిచాడు. ఆమె లోపలికి వెళ్లింది. మిగతా నాలుగు ఇళ్లకు వెళ్లింది, పద్నాలుగో అంతస్తుకు మళ్లీ వెళ్లలేదని తర్వాత విన్నాను. నేను ఆ గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. పది రోజులు నేను నోరు మూసుకున్నానని సిగ్గుపడుతూ ఉన్నాను గానీ, ఆ పది రోజులూ నా మంచిపేరు ఆమె నోరు మూయించిందని నాకు తెలియదు.